నాస్‌లో పొరపాటున డిలీట్ అయిన ఫైళ్లు: ముందు ఏం ఆపాలి, తర్వాత ఎక్కడ వెతకాలి

నాస్‌లో, అంటే ఇంట్లో అందరి కంప్యూటర్లకీ నెట్‌వర్క్ డ్రైవ్‌గా కనిపించే డిస్కుల పెట్టెలో, ఒక ఫోల్డర్ మీద డిలీట్ కొట్టి, శాశ్వతంగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగితే చదవకుండానే ఎస్ నొక్కేసి, మూడు సెకన్ల తర్వాత గుండె గుభేల్మన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకూ జరిగింది. డూప్లికేట్ అనుకుని నాలుగేళ్ల వీడియోలున్న ఫోల్డర్‌ని రాత్రి పదకొండింటికి తీసేశాను, అది డూప్లికేట్ కాదని పావుగంట తర్వాత తెలిసింది. రీసైకిల్ బిన్ ఆన్ చేసి లేదు. ఒకటే ఊరట, నాస్‌కి తగిలించిన యూఎస్‌బీ డిస్క్‌లో ముందు రోజు బ్యాకప్ ఉంది. కానీ అది అద్దంలాంటి బ్యాకప్, అంటే నాస్‌లో ఏది ఉంటే అదే అక్కడా ఉంటుంది, ఇక్కడ పోతే అక్కడా పోతుంది, పైగా ఆ జాబ్ రోజూ రాత్రి రెండింటికి నడుస్తుంది. ఆ మూడు గంటల వ్యవధి దొరికింది కాబట్టి బతికిపోయాను.

అందుకే మొదటి పని వెతకడం కాదు, ఆపడం. చాలామంది ముందు రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయడానికి పరిగెడతారు, ఈలోపు తమ నాసే తమ ఫైళ్లని నిజంగా చెరిపేస్తుంటుంది.

ముందు ఆపాల్సినవి

నాస్ అడ్మిన్ పేజీలోకి వెళ్లండి. షెడ్యూల్ పెట్టిన బ్యాకప్ జాబ్‌లు, సింక్ జాబ్‌లు అన్నీ తాత్కాలికంగా ఆపేయండి. సైనాలజీ కంపెనీ నాస్‌లో అయితే హైపర్ బ్యాకప్, క్లౌడ్ సింక్, డ్రైవ్ సర్వర్ చూడండి, క్యూనాప్‌లో అయితే హైబ్రిడ్ బ్యాకప్ సింక్ చూడండి, ట్రూనాస్‌లో అయితే రెప్లికేషన్ టాస్కులూ ఆర్‌సింక్ టాస్కులూ. కంప్యూటర్‌లో నడిచే సింక్ ప్రోగ్రాం ఏదైనా ఉంటే దాన్నీ పాజ్ చేయండి, ఎందుకంటే డిలీట్ అయిన సంగతి ఇంకా ఆ రెండో కంప్యూటర్‌కి చేరి ఉండకపోవచ్చు. ఇంట్లో ఎవరిదైనా లాప్‌టాప్ అప్పటికి మూసి ఉంటే ఇంకా అదృష్టం, దాన్ని వైఫై ఆపి తెరిస్తే పాత కాపీ అలాగే ఉంటుంది.

తర్వాత నాస్‌లోకి కొత్తగా రాసే పనులు. సీసీ కెమెరా రికార్డింగ్ నాస్‌లోకే వెళ్తుంటే దాన్ని ఆపండి, ఇదే అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఇరవైనాలుగు గంటలూ రాస్తూనే ఉంటుంది. టొరెంట్ డౌన్‌లోడ్లు, మీడియా సర్వర్ ఇండెక్సింగ్, ఫోన్ల నుంచి ఆటోమేటిక్ ఫోటో అప్‌లోడ్, డాకర్ కంటైనర్లు (నాస్‌లో విడివిడిగా నడిచే యాప్‌లు), ఇవీ అంతే. కారణం చిన్నదే: ఫైల్ డిలీట్ చేసినప్పుడు నాస్ ఆ డేటాని అప్పటికప్పుడు తుడిచేయదు, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుంది అంతే. ఆ ఖాళీలో ఇంకేదైనా వచ్చి కూర్చునేదాకా పాత డేటా అక్కడే ఉంటుంది. ఎప్పుడు కూర్చుంటుందో మీ చేతుల్లో లేదు, కొత్తవి రాకుండా ఆపడం వరకే మీ చేతుల్లో ఉంది.

ఇంకో ఆపు కూడా ఉంది, దీన్ని దాదాపు ఎవరూ గుర్తుపెట్టుకోరు. స్నాప్‌షాట్లు, అంటే ఫోల్డర్ ఒక క్షణంలో ఎలా ఉందో గుర్తుపెట్టుకునేవి, తీసుకునే ఏర్పాటు ఉంటే, పాత స్నాప్‌షాట్లని కొన్నాళ్లకి అదే చెరిపేసుకుంటుంది. మీ ఫైల్ ఉన్న స్నాప్‌షాట్ రేపు పొద్దున చెరిగిపోయే వరుసలో ఉండొచ్చు. కాబట్టి ఆ షెడ్యూల్‌ని ఆపండి, లేదా ఆ స్నాప్‌షాట్‌కి లాక్ పెట్టండి, సైనాలజీలో లాక్ అనే ఉంటుంది, క్యూనాప్‌లో ఎప్పటికీ ఉంచు అనే అర్థంతో ఒక టిక్ బాక్స్ ఉంటుంది. రీసైకిల్ బిన్‌ని ఖాళీ చేసే షెడ్యూల్ ఉంటే దాన్ని కూడా.

ఆపినవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎందుకో చివర్లో చెప్తాను.

నాస్‌ని వెంటనే ఆఫ్ చేసేయాలా అని అడుగుతారు. బిన్‌లోనో స్నాప్‌షాట్‌లోనో బ్యాకప్‌లోనో దొరికే అవకాశం ఉన్నంతవరకు అక్కర్లేదు, ఆన్‌లో ఉంటేనే వెతకగలం. అవేవీ లేవని తేలిపోయాక మాత్రం ఆఫ్ చేయాలి, అది కూడా మెనూలోంచి పద్ధతిగా. ప్లగ్ పీకకండి, డిలీట్ సమస్యకి రెయిడ్ (డిస్కులన్నిటినీ కలిపి నడిపే ఏర్పాటు) సమస్య కూడా తోడవుతుంది.

నిజంగా డిలీట్ అయిందా?

నవ్వకండి, పోయాయి అనుకున్న ఫోల్డర్లు కొన్ని పక్క ఫోల్డర్‌లో ఉంటాయి. మౌస్‌తో లాగుతూ చేయి జారితే ఫోల్డర్ వెళ్లి పక్కదాంట్లో పడుతుంది, మనకేమో మాయమైపోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడే జరిగి ఉంటే, విండోస్‌లో అదే విండోలో కంట్రోల్ జెడ్ కొట్టి చూడండి, జరిగింది మూవ్ అయితే వెనక్కి వస్తుంది. లేకపోతే నాస్ సొంత ఫైల్ మేనేజర్‌లో అడ్మిన్‌గా లాగిన్ అయి ఫైల్ పేరులో ఒక ముక్కతో మొత్తం వెతకండి. అడ్మిన్‌గానే ఎందుకంటే, పర్మిషన్లు మారిపోయి మీ యూజర్‌కి మాత్రమే కనిపించకుండా పోయి ఉండొచ్చు.

లాగ్ కూడా చూడండి. ఫైల్ ట్రాన్స్‌ఫర్ లాగ్ ముందే ఆన్ చేసి ఉంటే ఏ యూజర్, ఏ ఐపీ నుంచి, ఎన్నింటికి డిలీట్ చేశారో వరసగా ఉంటుంది. ఇంట్లో ఎవరు చేశారని పంచాయితీ పెట్టడానికి కాదు ఇది, సరిగ్గా ఎన్నింటికి పోయిందో తెలిస్తే ఏ స్నాప్‌షాట్‌లో వెతకాలో తెలుస్తుంది. మీరు అనుకున్న ఫోల్డర్ ఒక్కటే పోయిందా, ఇంకా ఏమైనా పోయాయా అన్నదీ అక్కడే తేలుతుంది.

ఫైళ్లు మాయమై వాటి చోట అదే పేరుతో వింత ఎక్స్‌టెన్షన్ ఉన్నవి, డబ్బు కట్టమనే టెక్స్ట్ ఫైల్ ఒకటి కనిపిస్తే ఇది పొరపాటు డిలీట్ కాదు, రాన్సమ్‌వేర్. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనేది క్యూనాప్ నాస్‌ల మీద పడి ఫైళ్లని పాస్‌వర్డ్ పెట్టిన సెవెన్ జిప్ ఆర్కైవ్‌ల్లోకి నెట్టేసింది. అలాంటిదైతే ఇంటర్నెట్ కేబుల్ పీకేయండి, ఆ దారి వేరు, ఈ గైడ్ దానికి పనికిరాదు.

రీసైకిల్ బిన్: కంప్యూటర్‌ది కాదు, నాస్‌ది

ఇక్కడే అందరూ తికమకపడతారు. నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ చేసింది మీ విండోస్ డెస్క్‌టాప్ మీదున్న రీసైకిల్ బిన్‌లోకి రాదు, మ్యాక్ ట్రాష్‌లోకీ రాదు. ఆ బుట్టలు కంప్యూటర్ లోపలి డిస్క్ కోసం. నాస్‌కి తన సొంత బుట్ట ఉంటుంది, అది కూడా ఒక్కో షేర్డ్ ఫోల్డర్‌కి విడివిడిగా ఉంటుంది.

సైనాలజీలో షేర్డ్ ఫోల్డర్ తెరిస్తే లోపల హ్యాష్ గుర్తుతో మొదలయ్యే రీసైకిల్ అనే ఫోల్డర్ ఉంటుంది. క్యూనాప్‌లో ఎట్ గుర్తుతో మొదలవుతుంది. ట్రూనాస్‌లోనూ ఓపెన్‌మీడియావాల్ట్‌లోనూ చుక్కతో మొదలయ్యే రీసైకిల్ అనే ఫోల్డర్, చుక్కతో మొదలైందంటే దాగి ఉంటుంది కాబట్టి దాగిన ఫైళ్లు చూపించమని మీ కంప్యూటర్‌కి చెప్పాలి. అందులో మీ పాత ఫోల్డర్ల దారి అలాగే ఉంటుంది, ఫోటోలు అనే ఫోల్డర్‌లోని 2019 లోంచి పోయింది, బుట్టలోనూ ఫోటోలు, దాంట్లో 2019 లోనే ఉంటుంది. నాస్ ఫైల్ మేనేజర్‌లో తెరిస్తే రీస్టోర్ ఆప్షన్ ఉంటే వాడండి, లేకపోతే మామూలుగా కాపీ చేసి పాత చోట పెట్టండి. కట్ కంటే కాపీ మేలు, అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే బుట్టలోంచి తీయండి.

బుట్ట కనిపించట్లేదా? రెండు కారణాలు. ఒకటి, అడ్మిన్‌లకి మాత్రమే అనే టిక్ పెట్టి ఉంటుంది, అడ్మిన్‌గా రండి. రెండు, అసలు ఆన్ చేసి లేదు. ఆన్ చేసి లేకపోతే ఇప్పుడు ఆన్ చేసినా పోయినవి రావు.

ఆన్ చేసి ఉన్నా కొన్ని డిలీట్లు బుట్ట మీదుగా వెళ్లవు. ఎస్ఎస్‌హెచ్‌లో, అంటే నాస్‌లోకి నేరుగా లాగిన్ అయి, కమాండ్ రాసి తీసేస్తే బుట్టకి తెలీదు. లినక్స్ కంప్యూటర్ నుంచి ఎన్ఎఫ్ఎస్ ద్వారా తగిలించిన షేర్‌లో తీసేసినా అంతే. మీడియా సర్వర్ లాంటి డాకర్ యాప్ లోపలి నుంచి తీసేసినా అంతే. నెక్స్ట్‌క్లౌడ్ లాంటి యాప్ అయితే దానికే వేరే బుట్ట ఉంటుంది, మామూలుగా 30 రోజులు ఉంచుతుంది, చోటు సరిపోకపోతే ముందే తీసేస్తుంది, యాప్‌లోకి వెళ్లి డిలీటెడ్ ఫైల్స్‌లో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఫైల్ డిలీట్ కాలేదు కానీ దాని మీద వేరేది సేవ్ అయిపోయింది అనే సందర్భం: పాత ఎక్సెల్ మీద ఖాళీ ఎక్సెల్ సేవ్ చేశారనుకోండి, దాన్ని బుట్ట పట్టుకోదు, ఎందుకంటే నాస్ లెక్కలో ఏదీ డిలీట్ కాలేదు. దానికి స్నాప్‌షాట్ ఒక్కటే మందు.

స్నాప్‌షాట్లు

స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో ఫోల్డర్ ఎలా ఉందో గుర్తుపెట్టుకోవడం. కాపీ కాదు. ఆ క్షణంలో ఉన్న డేటా ముక్కల్ని వదలకుండా పట్టుకుని, కొత్తవి వేరే చోట రాసుకుంటూ పోతుంది, అందుకే తీసుకోవడానికి సెకను కూడా పట్టదు, మొదట్లో చోటూ తినదు. సైనాలజీలో ఇది బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో చేసిన వాల్యూమ్ ఉంటేనే పనిచేస్తుంది, స్నాప్‌షాట్ రెప్లికేషన్ అనే ప్యాకేజీలో ఉంటుంది. క్యూనాప్‌లో స్టోరేజ్ అండ్ స్నాప్‌షాట్స్‌లో. ట్రూనాస్ అంతా జెడ్ఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కాబట్టి దానికి పుట్టుకతోనే ఉంది, కాకపోతే పీరియాడిక్ స్నాప్‌షాట్ టాస్క్ మీరు పెట్టి ఉండాలి.

విండోస్‌లో ఒక తేలికైన దారి ఉంది, నాస్ దాన్ని సపోర్ట్ చేసేలా సెట్ అయి ఉంటే: పోయిన ఫైల్ ఉండే ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ప్రీవియస్ వెర్షన్స్. తేదీల వరస వస్తుంది. ఒక తేదీ ఎంచుకుని ఓపెన్ నొక్కండి, ఆ రోజు ఆ ఫోల్డర్ ఎలా ఉందో తెరుచుకుంటుంది, మీ ఫైల్‌ని బయటికి లాక్కోండి. ఆ విండోలోనే రీస్టోర్ అనే బటన్ ఊరిస్తూ ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు, ఎందుకో కింద చెప్తున్నాను.

రెండో దారి, స్నాప్‌షాట్ ఫోల్డర్‌ని నేరుగా తెరవడం. సైనాలజీలో స్నాప్‌షాట్లు కనిపించేలా చేయమనే సెట్టింగ్ పెడితే హ్యాష్ గుర్తుతో స్నాప్‌షాట్ అనే ఫోల్డర్ ప్రత్యక్షమవుతుంది. జెడ్ఎఫ్ఎస్‌లో డేటాసెట్ (అందులో షేర్ లాంటి విభాగం) మొదట్లోనే చుక్కతో జెడ్ఎఫ్ఎస్ అనే దాగిన ఫోల్డర్, దాని లోపల స్నాప్‌షాట్ అనే ఫోల్డర్ ఉంటాయి, డైరెక్టరీ లిస్టింగ్‌లో కనిపించకపోయినా అడ్రస్ టైప్ చేస్తే తెరుచుకుంటుంది. ఒక చిన్న చిరాకు ఏమిటంటే, స్నాప్‌షాట్ పేర్లలో ఉండే సమయం కొన్నిసార్లు గ్రీనిచ్ సమయం. మీ గడియారంతో తేడా లెక్కేసుకోకపోతే, డిలీట్ తర్వాత తీసిన స్నాప్‌షాట్ తెరిచి అయ్యో ఇందులోనూ లేదే అని కూలబడతారు. అందుకే ఒకటి చూసి ఆగకుండా ఇంకో రెండు మూడు పాతవి కూడా తెరిచి చూడండి.

ఇప్పుడు ఆ రీస్టోర్ సంగతి. మొత్తం షేర్‌నో డేటాసెట్‌నో పాత స్నాప్‌షాట్‌కి వెనక్కి తిప్పడాన్ని రోల్‌బ్యాక్ అంటారు, కొన్ని చోట్ల రివర్ట్ అంటారు, కొన్ని చోట్ల మంచి పేరు పెట్టి రీస్టోర్ అంటారు. అది చేస్తే పోయిన ఫైల్ వస్తుంది, ఆ స్నాప్‌షాట్ తర్వాత మీరు కొత్తగా దాచుకున్నవన్నీ పోతాయి. జెడ్ఎఫ్ఎస్‌లో అయితే దానికంటే కొత్త స్నాప్‌షాట్లు కూడా చెరిగిపోతాయి. ఒక ఫోల్డర్ కోసం రెండు వారాల పని తగలబెట్టుకోవడం అన్నమాట. కావాల్సిన ఫైళ్లని మాత్రం కాపీ చేసుకోండి, లేదా స్నాప్‌షాట్‌ని క్లోన్ చేసి వేరే ఫోల్డర్‌గా తెరిచి అందులోంచి తీసుకోండి. రోల్‌బ్యాక్ అవసరం పడేది షేర్ మొత్తం నాశనమైనప్పుడే.

షేర్డ్ ఫోల్డర్‌నే సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేసి ఉంటే కష్టం. ఆ షేర్‌తో పాటే దాని బుట్టా పోతుంది, మామూలుగా దాని స్నాప్‌షాట్లూ పోతాయి. వేరే పెట్టెలోకి రెప్లికేట్ చేసి ఉంటే తప్ప, బ్యాకప్ వైపు నడవండి.

ఆ ఫైల్ ఇంకెక్కడ ఉండొచ్చు

బ్యాకప్ ఉంటే ముందు దాన్ని రాయకుండా చదవడానికే తెరవండి. హైపర్ బ్యాకప్ అయితే దాని ఎక్స్‌ప్లోరర్‌లో తేదీల వారీగా వెర్షన్లు కనిపిస్తాయి, ఒక్క ఫైల్ కూడా తీసుకోవచ్చు. అద్దంలాంటి సింక్ అయితే, డిలీట్ తర్వాత అది నడవకముందే పట్టుకున్నారా లేదా అన్నదే ప్రశ్న, నా కథ అదే. యూఎస్‌బీ డిస్క్ అయితే నాస్ నుంచి ఎజెక్ట్ చేసి తీసేయండి, షెడ్యూల్ ఆపడం మర్చిపోయినా అది ఏమీ చేయలేదు.

నాస్ నుంచి క్లౌడ్‌కి సింక్ అయ్యేలా పెట్టి ఉంటే క్లౌడ్ బుట్ట చూడండి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, సొంత అకౌంట్ల వన్‌డ్రైవ్‌లో 30 రోజులు, డ్రాప్‌బాక్స్ ఉచిత ప్లాన్‌లో కూడా 30 రోజులే. బ్యాకప్ అయిన ఫోటోలకి గూగుల్ ఫోటోస్ ట్రాష్‌లో 60 రోజులు. రోజులు గడుస్తుంటాయి కాబట్టి దీన్ని రేపటికి వాయిదా వేయకండి.

ఇవి కాక, ఫైల్ ఎక్కడ పుట్టిందో అక్కడ కూడా వెతకాలి. ఫోటో కెమెరాలో పుట్టింది, ఆ మెమరీ కార్డ్ ఫార్మాట్ చేసినా దాని మీద కొత్తవి తీయకపోతే కార్డ్ నుంచి తీయడం నాస్ నుంచి తీయడం కంటే వంద రెట్లు తేలిక. డాక్యుమెంట్ ఎవరికో మెయిల్ చేసి ఉంటారు, సెంట్ ఫోల్డర్‌లో ఉంటుంది. లాప్‌టాప్ మార్చినప్పుడు పాత లాప్‌టాప్ నుంచే కదా నాస్‌లోకి పోశారు, అది బీరువాలో ఉందా? లైట్‌రూమ్ వాడేవాళ్లు స్మార్ట్ ప్రివ్యూలు తయారుచేసి ఉంటే పొడుగు వైపు 2560 పిక్సెళ్ల కాపీ ఉంటుంది, అసలుది కాదు కానీ ప్రింట్ తీయించుకోవచ్చు. ఇక ఆ ఫైల్ ఇప్పటికీ ఏదో ఒక కంప్యూటర్‌లో తెరిచే ఉంటే, దాన్ని మూయకండి, సేవ్ యాజ్ కొట్టి లోకల్ డిస్క్‌లో పెట్టండి, ఇంత చిన్న విషయం టెన్షన్‌లో తట్టదు.

ఈ వెతుకులాటకి ఒక పూట పెట్టండి. బోరు కొట్టే పనే, కానీ ఇందులో దొరికిన ఫైల్ పేరుతో సహా చెక్కుచెదరకుండా దొరుకుతుంది. కింద చెప్పబోయేదాంట్లో అలా ఉండదు.

ఏదీ లేకపోతే: డిస్క్‌ని తవ్వడం

ముందుగా మూడు విషయాలు తేల్చుకోండి, ఆశ ఉందో లేదో తెలుస్తుంది. నాస్‌లో ఎస్ఎస్‌డీలు ఉండి ట్రిమ్ ఆన్‌లో ఉంటే, డిలీట్ అయిన చోటు ఖాళీ అని డ్రైవ్‌కే చెప్పేస్తారు, ఆ డేటా తిరిగి రావడం దాదాపు అసాధ్యం. షేర్‌కి ఎన్‌క్రిప్షన్ ఉంటే, విడి ముక్కలు దొరికినా అవి అర్థం లేని అంకెలే. ఇక డిలీట్ తర్వాత వారం పాటు కెమెరా రికార్డింగ్ నడిచి ఉంటే, మీకే తెలుసు. మామూలు హార్డ్ డిస్కులు, ఎన్‌క్రిప్షన్ లేదు, వెంటనే ఆపేశారు అంటే ప్రయత్నించవచ్చు.

రెయిడ్ ఉంది కదా రెండో డిస్క్‌లో ఉండదా అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఉండదు. రెయిడ్ ఒకటిలో మీరు డిలీట్ కొట్టిన అదే క్షణంలో రెండు డిస్కుల్లోనూ డిలీట్ అవుతుంది. రెయిడ్ డిస్క్ పాడైతే కాపాడుతుంది, మన వేలు జారితే కాదు.

నాస్ మీదే ఏ రికవరీ టూల్ ఇన్‌స్టాల్ చేయొద్దు, అది కూర్చునేది మీ డేటా మీదే. నాస్ ఆఫ్ చేసి, డిస్కులు తీసేముందు ప్రతి దాని మీద బే (నాస్‌లో ఆ డిస్క్ కూర్చునే గడి) నంబర్ రాసిన చీటీ అంటించండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఈ చీటీ లేక నాలుగు డిస్కులు బల్ల మీద పరుచుకుని తల పట్టుకున్నవాళ్లని చూశాను. డిస్కులు బయట ఉన్నప్పుడు నాస్‌ని ఆన్ చేయకండి. ఒక డిస్క్ లేకుండా అది ఆన్ అయితే రెయిడ్ డిగ్రేడ్ అయిందని రాసుకుంటుంది, తర్వాత ఆ డిస్క్ పెట్టగానే రిపేర్ చేస్తానని మొదలుపెట్టి దాని మీద రాసేస్తుంది.

డిస్క్‌ని విండోస్ కంప్యూటర్‌కి తగిలిస్తే ఫార్మాట్ చేయాలనో, ఇనిషియలైజ్ చేయాలనో అడుగుతుంది. నాస్ డిస్కుల ఫార్మాట్ విండోస్‌కి అర్థం కాదు, అంతే, డిస్క్ పాడైందని కాదు. ప్రతిసారీ క్యాన్సిల్ కొట్టండి.

అసలు పని అసలు డిస్క్ మీద చేయకూడదు, ఇమేజ్ మీద చేయాలి. అంటే డిస్క్‌లోని ప్రతి సెక్టార్‌నీ ఖాళీగా ఉన్న చోటుతో సహా ఇంకో పెద్ద డిస్క్‌లోకి ఒక ఫైల్‌గా కాపీ చేయడం. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత టూల్ దీనికి సరిగ్గా సరిపోతుంది, మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైల్) ఇస్తే మధ్యలో కరెంట్ పోయినా ఆగిన చోట నుంచి మొదలుపెడుతుంది. కమాండ్‌లో ముందు రాసేది సోర్స్, తర్వాత రాసేది గమ్యం, ఇవి తారుమారైతే మీ ఫైళ్ల మీద ఖాళీ డిస్క్ కాపీ అవుతుంది. డిస్క్ పేరు చూసి కాదు, సీరియల్ నంబర్‌ని డిస్క్ మీద లేబుల్‌తో పోల్చుకుని, ఒక నిమిషం ఆగి, అప్పుడు ఎంటర్ కొట్టండి. 4 టెరాబైట్ల డిస్క్ సెకనుకి 150 మెగాబైట్ల చొప్పున చదివితే ఏడున్నర గంటలు. పాత యూఎస్‌బీ 2 సాకెట్‌కి తగిలిస్తే రోజున్నర పైనే, కాబట్టి పోర్ట్ రంగు చూసుకోండి, మామూలుగా నీలం ఉన్నది వేగం. ఈ దశలో డిస్క్ టక్ టక్ అని శబ్దం చేసినా, వేగం పడిపోయి ఎర్రర్లు వరసగా వచ్చినా ఆపేయండి, ఇక ఇంట్లో చేసే పని కాదు, రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి.

ఇమేజ్‌లు చేతికొచ్చాక రెండు దారులు.

మొదటిది, రెయిడ్‌ని కంప్యూటర్‌లో మళ్లీ జోడించడం. ఇళ్లలో వాడే చాలా నాస్‌ల లోపల ఉండేది లినక్స్ ఎండీ రెయిడ్, దాని పైన ఎల్‌వీఎం (చోటుని వాల్యూమ్‌లుగా పంచే పొర), దాని పైన ఈఎక్స్‌టీ4 లేదా బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్. సైనాలజీ సొంత రెయిడ్ ఎస్‌హెచ్‌ఆర్ కూడా ఈ పొరలే. ఎండీఅడ్మ్ టూల్‌తో రీడ్ ఓన్లీగా జోడించి, ఎల్‌వీఎం వాల్యూమ్‌ని లేపితే మొత్తం వాల్యూమ్ ఒకే డిస్క్‌లా కనిపిస్తుంది. తెరిచి చూడాలనిపిస్తే ఒక జాగ్రత్త, ఈఎక్స్‌టీ4 ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినా అది జర్నల్‌ని (మార్పులు రాసుకునే చిట్టాని) రీప్లే చేయొచ్చు, అంటే రాయొచ్చు, నోలోడ్ అనే ఆప్షన్ కూడా పెట్టండి. ఈఎక్స్‌టీ4 లో డిలీట్ అవగానే ఫైల్ ఏ ముక్కల్లో ఉందో చెప్పే చిరునామా తుడిచేస్తుంది, జర్నల్‌లో పాత చిరునామా మిగిలి ఉంటే ఈఎక్స్‌టీ4 మ్యాజిక్ లాంటి టూల్స్ పేర్లతో సహా తీస్తాయి. జర్నల్ చిన్నది, తిరుగుతూ తన మీదే తను రాసుకుంటుంది, అందుకే మొదటి గంటలో ఆపినవాళ్లకీ రెండు రోజుల తర్వాత ఆపినవాళ్లకీ ఇక్కడ తేడా తెలుస్తుంది. బీటీఆర్ఎఫ్ఎస్ అయితే ఫైళ్ల పాత జాబితాకి మొదలు (ట్రీ రూట్) ఇంకా డిస్క్ మీద ఉంటే బీటీఆర్ఎఫ్ఎస్ రీస్టోర్ అనే కమాండ్‌తో లాగొచ్చు, ఓపిక కావాలి.

కమాండ్లంటే చేయి వణికేవాళ్లకి యూఎఫ్ఎస్ ఎక్స్‌ప్లోరర్, ఆర్ స్టూడియో, డీఎండీఈ లాంటివి ఉన్నాయి. ఇమేజ్‌లు అన్నీ తెరిస్తే రెయిడ్‌ని అవే గుర్తుపట్టి జోడిస్తాయి. ట్రయల్‌లో దొరికిన ఫైళ్ల జాబితా చూపిస్తాయి. మీ ఫైల్ ఆ జాబితాలో పేరుతో కనిపించి, ప్రివ్యూ తెరుచుకున్నాకే డబ్బు కట్టండి, ముందు కాదు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను, పూర్తి వెర్షన్ కొంటే ఎక్కువ దొరుకుతాయి అనే మాట నమ్మకండి, ట్రయల్ స్కాన్‌లో కనిపించనిది కొన్నాక కూడా కనిపించదు.

రెండోది ఫోటోరెక్. ఉచితం, టెస్ట్‌డిస్క్‌తో కలిసి వస్తుంది. టెస్ట్‌డిస్క్ పోయిన పార్టిషన్లు వెతకడానికి, దాని అన్‌డిలీట్ ఈఎక్స్‌టీ4 మీద పనిచేయదు, కాబట్టి ఇక్కడ కావాల్సింది ఫోటోరెక్కే. ఇది ఫైల్ సిస్టమ్‌ని పట్టించుకోదు, డిస్క్ మొత్తం చదువుతూ ఇది జేపెగ్ మొదలు, ఇది పీడీఎఫ్ మొదలు అని గుర్తులు పట్టి బయటికి తీస్తుంది. పేర్లు రావు, ఫోల్డర్లు రావు, ఎఫ్ అక్షరంతో మొదలయ్యే అంకెల పేర్లతో వేల ఫైళ్లు వస్తాయి, అందులో ఎన్నడో మీరు కావాలనే తీసేసినవీ ఉంటాయి. ఫైల్ రకాల్లో మీకు కావాల్సినవే టిక్ పెట్టండి, అన్నీ వదిలేస్తే టెక్స్ట్ ముక్కల చెత్త వచ్చి పడుతుంది. ఫోటోలు బాగా వస్తాయి. పెద్ద వీడియోలు డిస్క్ మీద ముక్కలుగా ఉంటాయి కాబట్టి సగంలో చెడిపోయి వస్తాయి. రెయిడ్ ఒకటి అయితే ఒక్క డిస్క్ ఇమేజ్ మీద నడిపినా చాలు. రెయిడ్ ఐదు అయితే మాత్రం జోడించాకే నడపాలి, విడి డిస్క్‌లో ఫైల్ కొద్ది కిలోబైట్ల పలకలుగా తరిగి ఉంటుంది, చిన్న చిన్న బొమ్మలు తప్ప ఏదీ మొత్తంగా రాదు.

జెడ్ఎఫ్ఎస్‌లో స్నాప్‌షాట్ లేకుండా పోయిందంటే నా సలహా, వెంటనే పూల్‌ని (డిస్కులన్నీ కలిసిన సముదాయాన్ని) ఎక్స్‌పోర్ట్ చేసి తెలిసినవాళ్లకి ఇవ్వడమే. కొద్ది నిమిషాల ముందు స్థితికి పూల్‌ని ఇంపోర్ట్ చేసే మార్గం ఉంది కానీ ఒక్క తప్పు అడుగుతో పూల్ మొత్తం పోయే అవకాశమూ ఉంది.

దొరికాక

దొరికినవాటిని ముందు నాస్‌లో పెట్టకండి, వేరే డిస్క్‌లో పెట్టండి, ఇంకా తవ్వాల్సినవి మిగిలి ఉంటే వాటి మీద పడతాయి. సైజ్ సున్నా ఉన్నవి విడదీయండి. ఫోటోలని పెద్ద థంబ్‌నెయిల్స్‌లో తిప్పి చూస్తే సగం బూడిదరంగుగా ఉన్నవి కంటికే తెలిసిపోతాయి. వీడియో అయితే మొదలు చూసి సంతోషపడిపోకుండా చివరి నిమిషం దాకా జరిపి చూడండి. ఫోటోరెక్ ఇచ్చిన అంకెల పేర్ల ఫోటోలని ఎక్సిఫ్‌టూల్‌తో తీసిన తేదీ ప్రకారం పేర్లు మార్చుకుంటే కొంత దారికొస్తాయి, మిగతాది ఆదివారాల పని.

డిస్కులన్నీ చీటీల ప్రకారం వాటి వాటి బేల్లోకి పెట్టాకే నాస్ ఆన్ చేయండి. ప్రతి షేర్‌కీ రీసైకిల్ బిన్ ఆన్ చేయండి, గంటకోసారి స్నాప్‌షాట్ పెట్టండి, అద్దంలాంటి బ్యాకప్‌ని వెర్షన్లు ఉంచే బ్యాకప్‌గా మార్చండి. పాత ఫోటోలున్న షేర్‌కి రోజూ వాడే యూజర్‌తో చదివే పర్మిషన్ మాత్రమే ఇచ్చి, మార్చాల్సినప్పుడు అడ్మిన్‌గా రండి. తర్వాత ఒక పనికిరాని ఫైల్ పెట్టి, గంట ఆగి, డిలీట్ చేసి, వెనక్కి తెచ్చుకుని చూడండి.

ఇప్పుడు ఆ కాగితం తీయండి. ఆపిన బ్యాకప్‌లు, సింక్‌లు, స్నాప్‌షాట్ షెడ్యూల్, కెమెరా, ఒక్కొక్కటి ఆన్ చేస్తూ కొట్టేయండి. నా వీడియోలు దొరికిన ఆనందంలో ఈ పని మర్చిపోయాను, రాత్రి రెండింటి బ్యాకప్ ఆగిపోయి ఉందని నాకు తెలిసింది ఐదు నెలల తర్వాత.